స్పీకర్లలో తుమ్మెద రొద

ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో ఒకే ఫిర్యాదు రకరకాల మాటల్లో కనిపిస్తున్నది. "కంప్యూటరుకు కొత్త స్పీకర్లు కొన్నాము. పాట బాగానే వస్తుంది. పాట ఆగగానే వెనక నుంచి తుమ్మెద రొద మొదలవుతుంది" అని ఒక సోదరి వ్రాశారు. "మా అబ్బాయి పాఠం వింటుంటే మేష్టారి మాటకన్న చిటపటలే ఎక్కువ" అని ఒక తండ్రిగారి విచారం. స్పీకర్లు మార్చేస్తే పోతుందా అని ఇద్దరూ అడిగారు. తొందరపడి డబ్బు తగలెయ్యవద్దంటాను. ముందు ఒక పావుగంట కూర్చుని ఆ రొదను శ్రద్ధగా వినండి. నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి మనం మెచ్చుకోము గదా!

కరెంటుతో పనిచేసే ఈ స్పీకర్ల జతలో సాధారణంగా ఒకదాని కడుపులో ఆంప్లిఫయరు వుంటుంది. కంప్యూటరు పంపే అతి చిన్న సంకేతాన్ని పెద్దది చేయడం దాని ఉద్యోగం. మంచీ చెడూ అది ఎరగదు. త్యాగరాజ కీర్తన వచ్చినా పెద్దది చేస్తుంది. దారిలో దూరిన కరెంటు రొదనూ అంత శ్రద్ధగానే పెద్దది చేస్తుంది. అందుచేత చాలాసార్లు తప్పు స్పీకరుది కాదు, పాట వచ్చిన దారిది.

రొద ఏ జాతిదో పోల్చుకుంటే సగం పని అయినట్లే. కింది స్థాయిలో "ఝుమ్" మని తెంపు లేకుండా సాగేది ఇంటి కరెంటు. మన దేశంలో ఇంటికి వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ వూగుతుంది. ఆ వూపే మనకు 50గానో, దాని రెట్టింపు 100గానో చెవిన పడుతుంది. అమెరికాలో కొడుకు ఇంటికి వెళ్ళిన పెద్దలు ఇదే రొదను కొంచెం హెచ్చు శ్రుతిలో వింటారు. అక్కడ కరెంటు సెకనుకు 60 సార్లు వూగుతుంది మరి.

"స్‌స్‌స్" మని ఆవిరిలా వచ్చేది ఆంప్లిఫయరు సొంత గొంతు. కంప్యూటరులో ధ్వని బాగా తగ్గించి, స్పీకరు మీట చివరిదాకా తిప్పేవారికి ఇది ఎక్కువ. తిరగేసి చేయండి. కంప్యూటరులో ధ్వనిని ముప్పాతిక పైన వుంచి, స్పీకరు మీటను తగ్గించండి. ఆవిరి అణిగిపోతుంది.

"టిట్ టిటిట్ టిటిట్" అని తంతి కొట్టినట్లు వస్తే పక్కన సెల్‌ఫోను వున్నదేమో చూడండి. 2జి పద్ధతిలో మాట్లాడేటప్పుడు ఫోను రేడియో తరంగాలను సెకనుకు దాదాపు 217 సార్లు ఆగి ఆగి విడుస్తుంది. స్పీకరు తీగలు వాటిని అందుకుంటాయి. ఫోనును నాలుగడుగుల దూరం జరిపితే చాలు. మీట తిప్పినప్పుడు మాత్రమే "కర్‌కర్" మంటే మీటలో దుమ్ము చేరిందన్నమాట. కరెంటు తీసేసి, ఆ మీటను ఈ చివర నుంచి ఆ చివరకు ఓ ఇరవైసార్లు తిప్పండి. మౌసు కదిపినప్పుడల్లా సన్నగా కీచుమంటే అది కంప్యూటరు లోపలి సందడి తీగలవెంట బయటికి రావడం. యు.ఎస్.బి. నుంచే కరెంటు తీసుకునే చిన్న స్పీకర్లకు ఈ బాధ ఎక్కువ. వాటికి వేరే సెల్‌ఫోను ఛార్జరు నుంచి కరెంటు ఇచ్చి చూడండి.

ఇక ఆ "ఝుమ్" సంగతి. దీనికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది: స్పీకరు ధ్వని మీటను పూర్తిగా తగ్గించండి. రొద తగ్గకపోతే అది మీట దాటిన తరువాత, అంటే స్పీకరు పెట్టెలోనే పుడుతున్నది. పాత స్పీకర్లయితే లోపలి కెపాసిటర్లు ఎండిపోయి వుండవచ్చు. అది మరమ్మతు చేసేవారి పని. పెట్టె మీరు విప్పవద్దు. మీటతో పాటు రొద కూడా తగ్గితే రెండో పరీక్షకు రండి.

స్పీకర్ల నుంచి కంప్యూటరుకు వెళ్ళే పాట తీగను కంప్యూటరు దగ్గర ఊడదీయండి. దాని కొనను వేలితో తాకవద్దు. తాకితే మన ఒళ్ళే ఏరియల్ లాగా పనిచేసి కొత్త రొద పుట్టిస్తుంది. తీగ తీసినా రొద వుంటే గదిలో వస్తువులను ఒక్కొక్కటే ఆపి చూడండి. ట్యూబులైటు, ఎల్.ఇ.డి. దీపాలు, అన్నిటికన్న ముఖ్యంగా ఫ్యాను రెగ్యులేటరు. మెట్టు మెట్టుగా కాక జారుతూ తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలలను ముక్కలుగా కోసి ఫ్యానుకు పంపుతుంది. ఫ్యాను వేగం మార్చగానే రొద రంగు మారితే దొంగ దొరికినట్లే.

తీగ తీయగానే రొద ఆగిపోతే అది కంప్యూటరు వైపు నుంచి వస్తున్నది. కంప్యూటరులో మైకును మూసి చూడండి. తీగను ముందువైపు రంధ్రంలో కాక వెనకవైపు దానిలో పెట్టి చూడండి. లాప్‌టాప్ అయితే ఛార్జరు తీసి బాటరీ మీద నడపండి. ఛార్జరు తీయగానే నిశ్శబ్దం వచ్చిందంటే, చిక్కు ఎర్తులో వున్నదని దాదాపు నిశ్చయం.

ఎర్తులో చిక్కు ఎలా వస్తుంది? కంప్యూటరు ప్లగ్గు ఒక గోడకు, స్పీకర్ల ప్లగ్గు ఇంకొక గోడకు పెడతాము. రెండింటి ఎర్తు తీగలూ గోడలోపల ఎక్కడో కలుస్తాయి. ఇవతల పాట తీగ కూడా రెండింటినీ కలుపుతుంది. ఇంకేం, గదిచుట్టూ ఒక పెద్ద తీగ ఉంగరం తయారైంది. ఇంటి కరెంటు ఛాయ ఆ ఉంగరంలో కొద్దిగా ప్రవహించడం, ఆంప్లిఫయరు దాన్ని పాట అనుకోవడం! రెండు ప్లగ్గులనూ ఒకే ఎక్స్‌టెన్షను పెట్టెలో పక్కపక్కన పెడితే ఉంగరం చిన్నదైపోయి చాలా ఇళ్ళలో రొద ఆగిపోతుంది. అప్పటికీ ఆగకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటరు అనే చిన్న డబ్బీ అమ్ముతారు. అందులో బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు వుంటాయి. తీగకు తీగ తగలకుండా అయస్కాంత శక్తే పాటను అవతలికి దాటిస్తుంది. స్పీకర్లకు బ్లూటూత్ వుంటే అసలు పాట తీగే అక్కరలేదు.

ఈ రొదకు ఇంకొక మందు కూడా ప్రచారంలో వున్నది. నేను ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే. మా మేనల్లుడి కంప్యూటరుకూ, వాడు కొన్న పెద్ద రకం స్పీకర్లకూ మూడు పుల్లల ప్లగ్గులే. రొద భరించలేక వాడు ఎవరో చెప్పారని కంప్యూటరు ప్లగ్గుకు రెండు పుల్లల కన్వర్టరు తగిలించాడు. ఎర్తు తెగింది, రొద ఆగింది. "చూశారా మావయ్యా, ఇరవై రూపాయల వైద్యం!" అన్నాడు ఫోనులో. వారం తిరగలేదు. పండగకు ఇల్లు దులుపుతూ మా అక్కయ్య ఆ పాట తీగను ఊడదీసి, తడిగుడ్డతో కంప్యూటరు పెట్టెను తుడవబోయింది. చెయ్యి చురుక్కుమన్నది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది.

ఏం జరిగిందంటే, కంప్యూటరు పవర్ సప్లైలో లైను తీగకూ ఇనుప పెట్టెకూ మధ్య రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు వుంటాయి. అవి వదిలే కొద్దిపాటి కరెంటును ఎర్తు తీగ భూమిలోకి తీసుకుపోతుంది. ఎర్తు లేకపోతే పెట్టె మీద 230లో దాదాపు సగం వోల్టేజి నిలిచివుంటుంది. ఆ వారం రోజులూ స్పీకర్ల మీదుగా వెళ్ళే సన్నని పాట తీగే ఎర్తు పని చేస్తూ వచ్చింది. అది తీయగానే ఆ పని మా అక్కయ్య చేతికి వచ్చింది. చురుక్కుమనడం చిన్న సంగతే. లోపల అసలు లైను తీగే వూడి పెట్టెకు తగిలివుంటే? ఎర్తు వుంటే పెద్ద కరెంటు పారి ఫ్యూజు పోతుంది. ఎర్తు లేకపోతే ఫ్యూజు పోదు. ముట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది.

ప్లగ్గులో మూడో పుల్లను మిగతా రెండింటికన్న పొడుగ్గా ఎందుకు చేశారు? పెట్టేటప్పుడు అది అందరికన్న ముందు తగలాలనీ, తీసేటప్పుడు అందరికన్న వెనక వదలాలనీ. ఇంట్లో పెద్దదిక్కు వంటిది అది. రొద చేస్తున్నదని పెద్దదిక్కును వెళ్ళగొట్టుకుంటామా?

మూడు రంధ్రాలున్నంత మాత్రాన గోడలో ఎర్తు వున్నదని కూడా అనుకోవద్దు. కంప్యూటరు పెట్టె ఎప్పుడైనా చేతికి తగిలినప్పుడు రొద తగ్గినా, చెయ్యి జిల్లుమన్నా ఎర్తు అందడం లేదని అనుమానించాలి. అది చూడడానికి పనిగట్టుకుని ముట్టుకోకండి. ఎలక్ట్రీషియనును పిలిపించి మీటరుతో చూపించండి. చౌక ఎక్స్‌టెన్షను పెట్టెలు కొన్నింటికి పైన మూడు రంధ్రాలుంటాయి, చివర ప్లగ్గుకు రెండే పుల్లలు, అటువంటివి కొనకండి. మీ ఇంటి ఎర్తు గుంత బొగ్గూ ఉప్పూ వేసిన పాత రకమైతే ఎండాకాలంలో దానిలో నీళ్ళు పోయిస్తూ వుండండి; మట్టి ఎండితే ఎర్తు బలం తగ్గుతుంది. మెయిను బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే పెట్టించండి. వున్నవారు దాని పరీక్ష బొత్తాన్ని నెలకొకసారి నొక్కి, అది పడుతున్నదో లేదో చూసుకోండి.