పోయినవాడి ఇంటికి వెయ్యి డాలర్లు

ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే చాలు, మా టీమ్‌లో కనెక్టికట్ నుంచి పనిచేసే ఒక పెద్దాయన శుక్రవారం మధ్యాహ్నం దాటాక కాల్స్‌కి దొరకరు. ఏంటి సార్ అంటే "చర్చిలో చేపలు వేయించాలి" అంటారు. మొదట్లో జోక్ అనుకున్నాం. కాదు, నిజంగానే ఏప్రన్ కట్టుకుని మరిగే నూనె ముందు నిలబడతారట. క్యాథలిక్కులకు అది తపస్కాలం. శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి చేపల విందు పెడతారు. ప్లేటుకి ఇంత అని తీసుకుని, ఆ డబ్బు సేవా పనులకి వాడతారు.

ఆయన 'నైట్స్ ఆఫ్ కొలంబస్' అనే సంఘంలో సభ్యుడు. నైట్స్ అంటే రాత్రులు కాదండోయ్, కత్తి పట్టిన వీరులు. ఆన్‌లైన్ గేమ్‌లో గిల్డ్ పేరులా ఉందే అనుకుని వెతికాను. తీరా చూస్తే దొరికింది ఒక ఇన్సూరెన్స్ కథ.

అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊరు. 1880ల మొదట్లో అక్కడ ఐర్లండ్ నుంచి వలస వచ్చిన క్యాథలిక్ కుటుంబాలు చాలా ఉండేవి. మగవాళ్లవి ఎక్కువగా ప్రమాదకరమైన కూలి పనులు. ఇంటి పెద్ద పోయాడంటే అద్దె ఆగిపోతుంది, తిండి ఆగిపోతుంది. పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్లి అనాథల్లా ఎక్కడో పెట్టే పరిస్థితి కూడా వచ్చేది. అప్పట్లో ఇన్సూరెన్స్ ఇచ్చే సోదర సంఘాలు వేరే ఉండేవి కానీ, వాటిలో చాలావరకు రహస్య సంఘాలు. చర్చి వాటిలో చేరొద్దనేది. అంటే భక్తి కావాలా, భద్రత కావాలా తేల్చుకోవాలన్నమాట.

అక్కడి సెయింట్ మేరీస్ చర్చిలో సహాయ గురువు ఫాదర్ మైఖేల్ మెక్‌గివ్నీ. 13 మంది పిల్లల్లో పెద్దవాడు. గురువు కావడానికి చదువుకుంటుండగానే 1873లో తండ్రి పోయారు. కాబట్టి ఆ కష్టం ఎలా ఉంటుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1882 ఫిబ్రవరిలో, తండ్రిని పోగొట్టుకున్న ఒక కుర్రాడికి సంరక్షకుడిగా ఉంటానని ఆయనే కోర్టుకెళ్లి నిలబడ్డారు. అప్పటికి ఆయనకి 29 ఏళ్లు. ఆ వయసులో మనం ఈఎంఐ చూసే భయపడుతుంటాం.

కానీ ఒక్కో కుర్రాడి కోసం ఒక్కో కోర్టు మెట్టు ఎక్కుతూ పోతే ఎన్ని మెట్లని ఎక్కుతారు? అందుకే అంతకుముందు అక్టోబర్ నుంచే చర్చి బేస్‌మెంట్‌లో కొంతమంది మగవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. 1882 మార్చి 29న కనెక్టికట్ ప్రభుత్వం దగ్గర సంఘానికి గుర్తింపు వచ్చింది.

నాకు బాగా నచ్చింది వాళ్ల లెక్క. సభ్యుడు ఎవరైనా చనిపోతే మిగతా ప్రతి ఒక్కరూ ఒక డాలర్ వేయాలి. పోయినవాడి భార్యకి 1,000 డాలర్లు అందాలి. సభ్యులు వెయ్యి దాటితే ఒక్కొక్కరు వేయాల్సింది ఆ మేరకు తగ్గుతుంది. జబ్బు చేసి పనికి పోలేకపోతే వారానికి 5 డాలర్ల దాకా, 13 వారాల పాటు తీసుకోవచ్చు. మన చీటీ పాటకి దూరపు చుట్టం లాంటిదే, కాకపోతే ఇక్కడ పాట పాడేది యముడు. ఇందులో ఒక బగ్ కూడా ఉంది. పాతికేళ్లవాడూ యాభై ఏళ్లవాడూ సమానంగా కట్టాలి, అంటే కుర్రాళ్లకి నష్టం. తర్వాత వయసును బట్టి మార్చుకున్నారు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో మన తెలుగు స్టూడెంట్ ఎవరైనా యాక్సిడెంట్‌లో పోతే ఏం జరుగుతుంది? లింక్ వస్తుంది, ఫొటో వస్తుంది, గ్రూపుల్లో తిరుగుతుంది. మనవాళ్లు ఇస్తారు, మనసు పెట్టే ఇస్తారు. కానీ ఎంత వస్తుందన్నది ఆ పోస్ట్ ఎంత తిరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. కొడుకు పోయిన తల్లి తన దుఃఖాన్ని నలుగురికీ చూపించి అడగాల్సి వస్తుంది. మెక్‌గివ్నీ పద్ధతిలో ఆ భార్య ఎవర్నీ అడగక్కర్లేదు. అది దానం కాదు, ఆమెకి రావాల్సిన డబ్బు. ఆయన చేసిన అసలు పని ఇదేనని నాకనిపిస్తుంది.

భక్తి సంగతి వేరే గదిలో పెట్టలేదు వాళ్లు. చేరేవాడికి ఒక జపమాల ఇస్తారు. సభ్యుడు పోతే తోటివాళ్లు వచ్చి జపమాల చెప్తారు. చెక్కూ ప్రార్థనా ఒకే ఇంటికి వెళ్తాయి.

ఇప్పుడా సంఘంలో 20 లక్షల మందికి పైగా ఉన్నారు. చలికాలంలో పిల్లలకి కోట్లు పంచుతారు, వీల్‌చైర్లు ఇస్తారు, ఉక్రెయిన్ యుద్ధ బాధితులకి సాయం పంపారు. ఇన్సూరెన్స్ వ్యాపారం పదివేల కోట్ల డాలర్లు దాటిపోయింది. అందరూ మెచ్చుకుంటారనేం కాదు. ఆడవాళ్లకి సభ్యత్వం లేదు. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలకి వ్యతిరేకంగా డబ్బు పెట్టారు. అది నాకు మింగుడు పడదు. పేరులో ఉన్న కొలంబస్ మీద గొడవ సరేసరి.

మెక్‌గివ్నీ ఇదంతా చూడలేదు. 1890లో, 38 ఏళ్లకే, న్యుమోనియాతో పోయారు. 2020 అక్టోబర్ 31న చర్చి ఆయన్ని ధన్యుడిగా ప్రకటించింది.

ఇదంతా చదివాక మా బీటెక్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. "42 మందిమి ఉన్నాం. ఎవరికేమైనా అయితే లింకులు, ఫొటోలు లేకుండా తలా 5,000 వేద్దాం. లెక్క నేను చూస్తా. నామినీల పేర్లు ఇప్పుడే రాసుకుందాం."

పదిమంది థంబ్స్ అప్ కొట్టారు. ఇద్దరు "ఎల్‌ఐసీ ఏజెంట్‌వి ఎప్పుడయ్యావ్ రా" అని నవ్వారు. రాత్రి పదకొండున్నరకి ఒకడు మాత్రం విడిగా మెసేజ్ చేశాడు: "మామా, నాకింకా పెళ్లి కాలేదు కదా. నామినీగా అమ్మ పేరు రాయొచ్చా?"