సంధిలో ఒక ఆదేశం

సంధులు చెప్పడం నా వృత్తి. ఇరవై యేళ్ళుగా చెబుతున్నాను. అయినా మా అమ్మ మోకాటి సంధి సంగతి నాకు మొన్నమొన్నటిదాకా తెలియలేదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. కత్తిపీట అటకెక్కి, చాకూ బల్లా దిగినప్పుడైనా నాకు తట్టవలసింది.

మెట్టు దిగలేక ఆవిడ గోడ పట్టుకొని నిలిచిపోయిన రోజున ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. నిలబెట్టి ఎక్స్‌రే తీశారు. ఇక డాక్టరుగారు నాకు పాఠం చెప్పారు. మోకాలంటే మూడు గదులట: లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, చిప్ప వెనక ఒకటి. అమ్మకి లోపలి గదిలోనే మృదులాస్థి అరిగిపోయి యెముకకు యెముక తగులుతున్నది. మాత్రలు, వ్యాయామం పని చేయకపోతే ఆ ఒక్క గదినే బాగు చేయవచ్చు. పై యెముకకూ కింది యెముకకూ లోహపు తొడుగులు, నడుమ ప్లాస్టిక్ బిళ్ళ. కీలును పట్టివుంచే బంధనాలను ముట్టుకోరు.

నాకు గసడదవాదేశం గుర్తుకు వచ్చింది. 'వాడు' పక్కన 'కొట్టె' చేరితే 'వాడుగొట్టె'. మారేది ఒక్క హల్లే. మాట మాటగానే వుంటుంది.

అయితే మన సంధుల్లాగే యిదీ 'బహుళమే'. కీళ్ళన్నిటికీ వాపు తెచ్చే రుమటాయిడ్ జబ్బు వున్నవారికి చేయరు. కోలుకోవడం త్వరగానే అవుతుంది గాని, మిగిలిన గదులు అరిగితేనో, తొడుగు వదులైతేనో మళ్ళీ కోయాలి. ఆ అవసరం మొత్తం మార్చినవారికన్నా యిందులో యెక్కువని పలు దేశాల లెక్కలు. బ్రిటన్‌లో 528 మందిని అయిదేళ్ళు పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాల్లో మాత్రం నొప్పి, నడకల విషయంలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదు.

"అయితే మొత్తం మార్చేయండి. ఒక్కసారితో పోతుంది" అన్నాను. నిజం చెప్పొద్దూ, నేను లెక్క వేసింది అమ్మ మోకాలు కాదు, నా సెలవులు.

అమ్మ నావంక చూసింది. "బాగున్నదాన్ని కూడా కోసి పారెయ్యమంటావుట్రా? మళ్ళీ కోయవలసివస్తే అప్పుడు చూద్దాం. కాలు నాది" అన్నది. డాక్టరుగారు నవ్వి, కాగితం ఆవిడ ముందే పెట్టారు.

ఇది జరిగి ఆరు నెలలైంది. అమ్మ మెట్లు దిగుతున్నది. కత్తిపీట మాత్రం యింకా అటకమీదే వున్నది. అప్పుడప్పుడు దానివంక చూస్తుంది. నేను రోజూ అడుగుతున్నాను, "నొప్పి వుందా అమ్మా?" అని. "లేదులేరా" అంటుంది.

ఆ మాట నమ్మను. నడక చూస్తాను.