ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే మేస్త్రీలకి, చుట్టించుకునే మనోళ్ళకి



ఈరోజు పోస్టు ఎరువుల గురించీ కాదు, కొబ్బరి రేటు గురించీ కాదు. సంక్రాంతి దగ్గరకొస్తోంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎల్లే ట్రాక్టర్లకి మన కుర్రాళ్ళు అప్పుడే స్పీకర్లు బిగించేస్తున్నారు. ఏటా ఇదే టైముకి మన ఊళ్ళలో యాంప్లిఫయర్లు కాలిపోతాయి. కాలిన ప్రతిసారీ మనోళ్ళ నోట ఒకటే మాట, "మాల్ నాసిరకం అండి" అని. నేను ఒప్పుకోను. నేను చూసినంతలో ఎక్కువసార్లు మాల్ బాగానే ఉంది. లెక్క చూడకుండా వైర్లు కలిపినోడి తప్పు, అడక్కుండా డబ్బులిచ్చిన మన తప్పు.

పోయినేడు మా వీధిలో జరిగింది చెప్తాను. మా చుట్టాలబ్బాయి ఒక దింపు కొబ్బరి డబ్బు మొత్తం పెట్టి రెండు ఛానళ్ళ కారు యాంప్లిఫయరు, నాలుగు ఓవల్ స్పీకర్లు కొన్నాడు. స్పీకరు ఒక్కోటీ 4 ఓములు. యాంప్లిఫయరు మీద స్టిక్కరులో స్పష్టంగానే ఉంది: మామూలుగా వాడితే ఛానల్‌కి 2 ఓముల కంటే తగ్గకూడదు, బ్రిడ్జి చేస్తే 4 ఓముల కంటే తగ్గకూడదు అని. బిగించిన మేస్త్రీ అది చదవలేదు. సౌండు డబుల్ వస్తుందని రెండు ఛానళ్ళూ బ్రిడ్జి చేసి, నాలుగు స్పీకర్ల ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట మెలేసి టేపు చుట్టేశాడు. రెండు పాటలకి ఫ్యూజు పోయింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది. మూడోసారి రాగి తీగ చుట్టి "ఇంక పోదు బాబాయ్" అని భరోసా ఇచ్చాడు. నిజమే, ఫ్యూజు పోలేదు. యాంప్లిఫయరే పోయింది. వారంటీ అడిగితే మూత విప్పి వాసన చూసి తిప్పి పంపేశారు.

అసలు ఏం జరిగిందో మన భాషలో చెప్తాను. కాలవ గట్టుకి ఒక తూము తెరిస్తే బోదెలోకి కొన్ని నీళ్ళు పోతాయి. దాని పక్కనే అదే సైజువి ఇంకో మూడు తెరిస్తే నాలుగింతలు పోతాయి. ఎందుకు? నీళ్ళకి అడ్డు తగ్గింది కాబట్టి. ఓము అంటే కరెంటుకి అడ్డు. పేరలల్‌లో స్పీకరు పెంచిన కొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. మనోళ్ళకి ఎక్కనిది ఇదే. స్పీకర్లు పెంచాం కదా, ఓములు కూడా పెరిగుంటాయి అనుకుంటారు.

ఒకే రకం స్పీకర్లయితే లెక్క చంటోడు కూడా చేస్తాడు. పేరలల్ అయితే ఓములని స్పీకర్ల సంఖ్యతో భాగించాలి. 4 ఓములవి రెండు కలిపితే 2, నాలుగు కలిపితే 1. సీరీస్ అయితే, అంటే ఒకదాని మైనస్సు రెండోదాని ప్లస్సుకి ఇచ్చి గొలుసులా కలిపితే, కూడాలి. నాలుగూ నాలుగూ ఎనిమిది. మా వాడి బండి మీద 1 ఓము పడింది. బ్రిడ్జి చేసినప్పుడు ఒక్కో ఛానల్ మీద పడేది అందులో సగం, అంటే అర ఓము. 2 ఓములు మొయ్యగలిగిన దాని మీద అర ఓము వేశారు! అరటన్ను మోసే రిక్షా మీద రెండు టన్నులు ఎక్కించడం కాదా ఇది?

అంకెల్లో చూడండి. యాంప్లిఫయరు స్పీకరు వైపు 20 వోల్టులు ఇస్తోందనుకుందాం. 4 ఓములకి 5 ఆంపియర్లు, 100 వాట్లు. 2 ఓములకి 10 ఆంపియర్లు, 200 వాట్లు. 1 ఓముకి 20 ఆంపియర్లు, 400 వాట్లు. ఆ 400 వాట్లు ఎక్కడినుంచి రావాలి? ట్రాక్టరు 12 వోల్టుల బ్యాటరీ నుంచే. మధ్యలో వేడిగా పోయేది వదిలేసినా 33 ఆంపియర్లు లాగాలి. మేస్త్రీ వేసిన వైరేమో ఇంట్లో ట్యూబులైటుకి వేసేంత సన్నంది.

మరి ఆ నాలుగు స్పీకర్లూ ఎలా కలపాలి? రెండేసి సీరీస్‌లో కలిపితే 8 ఓముల జతలు రెండొస్తాయి. ఆ రెండు జతలనీ పేరలల్ చేస్తే మళ్ళీ 4 ఓములు. బ్రిడ్జికి సరిగ్గా సరిపోతుంది. బ్రిడ్జి వద్దనుకుంటే ఛానల్‌కి రెండు స్పీకర్లు పేరలల్‌లో పెట్టుకో, 2 ఓములు, అదీ పరవాలేదు. ఎలా కలిపినా నాలుగూ ఒకే రకం ఉండాలి. 4 ఓముల దాన్నీ 8 ఓముల దాన్నీ సీరీస్ చేస్తే 8 ఓములది రెట్టింపు పవరు తినేస్తుంది, రెండోది మూలుగుతుంది. ప్లస్సు మైనస్సు తిరగబడితే ఏదీ కాలదు గానీ బేసు చచ్చిపోతుంది, దాన్ని చూసి మళ్ళీ "మాల్ నాసిరకం" అంటారు.

ఇక్కడ ఒకాయన అడ్డం తగుల్తాడు, నాకు తెలుసు. "గుళ్ళో మైకుసెట్టుకి ఒక ఆహుజా యాంప్లిఫయరు మీద పది హారన్లు కట్టేవాళ్ళు, కొబ్బరి చెట్టుకొకటి, ఏమీ కాలేదే?" అని. కాలదండి, ఎందుకంటే అది వేరే పద్ధతి. మైకుసెట్టు వాళ్ళు కట్టేది 100 వోల్టుల లైను. ప్రతి హారనుకీ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, అడ్డుని అది పెంచి చూపిస్తుంది. అక్కడ ఓములు లెక్కపెట్టక్కర్లేదు, హారన్ల వాట్లు కూడి యాంప్లిఫయరు వాట్లకి మించకుండా చూసుకుంటే చాలు. పాత మైకుసెట్టు ఆపరేటర్లకి ఇది నోటికొచ్చు. వాళ్ళని "పాతోళ్ళు" అని నవ్వే కుర్రాళ్ళకి రాదు. కారు యాంప్లిఫయర్‌కి ఆ ట్రాన్స్‌ఫార్మర్లేవీ ఉండవు. వైరు చివర ఏం తగిలిస్తే అదే తిన్నగా దాని నెత్తిన పడుద్ది.

పోనీ ఇంత చేసి సౌండు ఎంత పెరుగుద్ది? వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. పక్కనున్నోడు "కొంచెం పెంచావా?" అంటాడు, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. ఆ "కొంచెం" కోసమా ఒక దింపు డబ్బు కాల్చుకోవడం? (రాత్రి 10 దాటాక అసలు మోగించకూడదని 2000 సంవత్సరం నుంచీ రూల్సు ఉన్నాయి. మా గేదెలు కూడా ఆ రూలుకే ఓటేస్తాయి.)

ఫ్యూజు సంగతి మాత్రం నేను నవ్వుతూ చెప్పలేను. డబ్బు పోతే మళ్ళీ దింపులో వస్తుంది. మన ట్రాక్టరు పండగ మర్నాడు ఏం మోస్తుందో ఆలోచించండి. ఎండుగడ్డి, కొబ్బరి పీచు, డీజిలు క్యాన్లు. ఫ్యూజు ఉన్నది యాంప్లిఫయరుని కాపాడ్డానికి మాత్రమే అనుకుంటున్నారు. అది వైరుని కాపాడుతుంది. ఫ్యూజు లేని వైరు బాడీకి రాసుకుని షార్టయితే బ్యాటరీ తన దగ్గరున్నదంతా ఒక్కసారి వదిలేస్తుంది, వైరు ఎర్రగా కాలి తొడుగు అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలో ఉండాలి, వైరు మొయ్యగలిగిన దానికి మించకూడదు. రాగి తీగ చుట్టిన మేస్త్రీ దగ్గర నేనైతే బండి తాళం వెనక్కి తీసుకుని వచ్చేస్తాను. మీ గడ్డిమేటు పక్కన ఆ బండి పెట్టుకుంటారో లేదో మీ ఇష్టం.

మేస్త్రీలు నా మీద కోప్పడొద్దు. లెక్కతో చేసేవాళ్ళు మీలోనూ ఉన్నారు, వాళ్ళ కూలి ఓ రెండొందలు ఎక్కువ. మనోళ్ళు ఆ రెండొందల దగ్గర బేరమాడి పక్క షాపుకి పోతారు.

ఒక మల్టీమీటరు కొనుక్కోండి, పురుగుమందు డబ్బా పాటి కూడా ఉండదు ఖరీదు. స్పీకర్లన్నీ కలిపాక, యాంప్లిఫయర్‌కి తగిలించకముందు, ఆ రెండు వైర్ల మధ్య ఓములు చూడండి. 4 ఓముల స్పీకరు మీటరులో 3.2, 3.5 అలా చూపిస్తుంది, మోసం కాదు, మీటరు చూసేది తీగ అడ్డు ఒక్కటే. 1 కంటే తక్కువ చూపిస్తే ఇంక స్విచ్చి వెయ్యకండి. మీటరు లేనోళ్ళు సాయంత్రం ఆరు తర్వాత మా ఇంటికి రండి, నా దగ్గర ఉంది. వచ్చేటప్పుడు బ్యాటరీ వైరు ఊడదీసి, యాంప్లిఫయరు స్టిక్కరు ఫోటో తీసుకుని రండి.