తిరగేసి గుణించమంటే సరిపోయిందా?

"భిన్నంతో భాగించాలంటే దాన్ని తిరగేసి గుణించెయ్." మన పిల్లలకి ఈ ఒక్క ముక్క అప్పజెప్పి, లెక్కలు నేర్పేశామంటున్నారు. ఎందుకు తిరగెయ్యాలని అడిగిన పిల్లని "పరీక్షలో ఎందుకని అడగరు, ఎంతని అడుగుతారు" అని కూర్చోబెడుతున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. బీఏ తెలుగు చదివినదానివి, నీకెందుకమ్మా లెక్కల గొడవ అంటారేమో. ఇది లెక్క దాకా రాకముందే మాట దగ్గర తేడా కొట్టిన గొడవండీ.

భాగించడమంటే పంచడమని చిన్న తరగతుల్లో చెప్తారు. పన్నెండు జంతికలు నలుగురికి పంచితే తలా మూడు. బాగానే ఉంది. మరి ఆరుని అరతో భాగించమంటే? అర మనిషికి ఎలా పంచాలి? పిల్ల బుర్ర అక్కడ ఆగిపోతుంది. ఆగదూ మరి! భాగహారానికి కొలవడం అనే ఇంకో అర్థం ఉందని దానికెవరు చెప్పారు? ఆరు కిలోల పిండిలో అరకిలో పొట్లాలు ఎన్నవుతాయి? పన్నెండు. పొట్లం చిన్నదైతే పొట్లాలు ఎక్కువవుతాయి, అంతే. ఆరుని సగం చెయ్యడం వేరు, అరతో భాగించడం వేరు. మొదటిదానికి మూడు, రెండోదానికి పన్నెండు.

మన అమ్మమ్మల చేతిలో ఇది రోజూ ఆడేది. మానికలో సగం తవ్వ, పదహారో వంతు గిద్ద. తవ్వకి ఎన్ని గిద్దలంటే ఎనిమిదని ఠక్కున చెప్పేవారు. 1/2ని 1/16తో భాగించడమంటే అదేగా! బడి మొహం చూడనివాళ్ళు చేసిన లెక్కని ఇవాళ ట్యూషన్లో డబ్బు పోసి, అర్థం తీసేసి కొనుక్కుంటున్నాం.

ఇక ఆ తిరగెయ్యడం సంగతి. మా కొయ్యూరు వైపు సంతలో ముప్పావు కిలో చింతపండు 90 రూపాయలకి బేరం కుదిరిందనుకోండి. కిలో ఎంత పడ్డట్టు? ముప్పావులో మూడు పావులు, కాబట్టి పావు 30. కిలోకి నాలుగు పావులు, 120. చూశారా, 90ని మూడుతో భాగించాం, నాలుగుతో గుణించాం. 3/4 తిరగబడి 4/3 అయింది ఇక్కడే. ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది?

సూత్రం కొత్తదేం కాదు. 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. మహావీరుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడని మా బీఏలో చదువుకున్నాం. సూత్రం మీద నాకేం కోపం లేదు. దానికి కథ లేకుండా చెయ్యడం మీదే నా కోపం.

ఈ జబ్బు మనదొక్కటే కాదు లెండి. లిపింగ్ మా అనే ఆవిడ 1999లో వేసిన పుస్తకంలో, ఒకటిముప్పావుని అరతో భాగించే లెక్కకి ఓ కథ అల్లమని టీచర్లని అడిగింది. అమెరికాలో 23 మందిలో సరైన కథ చెప్పింది ఒక్కరు. చైనాలో 72 మందిలో 65 మంది చెప్పారు. మిగతావాళ్ళలో చాలామంది అరతో భాగించమంటే ఇద్దరికి పంచే కథ చెప్పారట. మన ఇళ్ళలోనూ జరిగేది అదే.

అర్థం లేకపోతే జవాబు వచ్చినా చదవడం రాదు. రెండున్నర కిలోల ఆవకాయని ముప్పావు కిలో సీసాల్లో పెట్టాలి. పుస్తకం జవాబు మూడున్నూ మూడో వంతు. మూడు సీసాలు నిండాక మిగిలింది చూస్తే పావు కిలో. మరి పుస్తకంలో మూడో వంతు అని ఎందుకుంది? అది కిలోలో మూడో వంతు కాదు, సీసాలో మూడో వంతు. మార్కులు నూటికి నూరు వచ్చిన పిల్లాడు కూడా ఇక్కడ తెల్లమొహం వేస్తాడు. ఆవకాయ పెట్టే మనకి మాత్రం నాలుగో సీసా కావాలని ముందే తెలుసు. అయినా "అమ్మకి లెక్కలు రావు" అని పిల్లల ముందే అంటుంటే నవ్వి ఊరుకుంటాం. ఎందుకు ఊరుకోవాలి?

ఈ నెల ట్యూషన్ ఫీజు ఇచ్చేటప్పుడు మేష్టారిని ఒక్కటి అడగండి. ఒకటిముప్పావుని అరతో భాగిస్తే మూడున్నర వస్తుంది కదండీ, ఆ చివరి అర దేంట్లో అర?