నిద్రలో ఆగే ఊపిరి

రాత్రి పాళీలో సాంచా దగ్గర కునికాడని షోలాపూరులో మన కార్మికుణ్ణి ఒకణ్ణి ఇటీవల పనిలోంచి తీసేశారు. ఆ సోదరుడు యూనియన్ ఆఫీసుకు వస్తే మేము చేసింది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. తాగుడు మానుకోమని బుద్ధి చెప్పి పంపాము. మరునాడు అతని భార్య బీడీల చాట చంకన పెట్టుకునే వచ్చింది. "అన్నా, మా ఆయన తాగడు. రాత్రంతా గురక పెడతడు. నడుమ గురక ఆగుతది, ఊపిరి గూడ ఆగుతది. భుజం పట్టి ఊపితేగాని మళ్ళ తీసుకోడు. ఆరేండ్ల సంది నాకు నిద్ర లేదు" అన్నది.

ఆమె చెప్పిందే రోగ లక్షణం. డాక్టర్లు దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి పోయే దారి మూసుకుంటుంది. ఛాతీ ఎగసిపడుతుందిగాని గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుని మనిషి మళ్ళీ నిద్రలోకి జారతాడు. తెల్లవారితే అతనికేమీ గుర్తుండదు. ఊపిరి 10 సెకండ్లు, అంతకు మించి ఆగడమో, బాగా తగ్గడమో గంటకు 5 సార్లు జరిగితే జబ్బు కింద లెక్క. 30కి చేరితే తీవ్రం. అంటే రెండు నిమిషాలకొకసారి గొంతు నొక్కినట్టు. ఇది ఏళ్ళ తరబడి సాగితే బి.పి. పెరుగుతుంది, గుండెకు దెబ్బ.

పన్నెండు గంటల పాళీ చేస్తే ఎవరికైనా కునుకు వస్తుంది, ఆ పోరాటం వేరు. సెలవు నాడు కడుపునిండా పడుకుని లేచినా తల బరువు, నోరు ఎండిపోవడం, కూర్చుంటే చాలు నిద్ర ముంచుకురావడం ఉంటే అది అలసట ఒక్కటే కాకపోవచ్చు. దూది దుమ్ముతో వచ్చే రొమ్ముపట్టు కూడా ఇది కాదు. అది మెలకువలో, ముఖ్యంగా సెలవు తర్వాత మొదటి పాళీలో పట్టుకుంటుంది. రెండూ ఉన్నవాళ్ళూ ఉన్నారు.

లావుగా, మెడ మందంగా ఉన్నవాళ్ళకు ఎక్కువ వస్తుందిగాని సన్నగా ఉన్నవాళ్ళకు రాదనుకోవద్దు. ఆడవాళ్ళకూ వస్తుంది, వాళ్ళ గురక సంగతి ఇంట్లో ఎవరూ బయట చెప్పరు, అంతే. పడుకునే ముందు సారా, నిద్రమాత్రలు దీన్ని ముదిరిస్తాయి. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి కొంత నయం. ఆసుపత్రిలో ఒక రాత్రి ఒంటికి తీగలు పెట్టి పడుకోబెట్టి పరీక్ష చేస్తారు. జబ్బు ముదిరినవాళ్ళకు ముక్కుకు మాస్కు తగిలించి గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే మిషన్ ఇస్తారు. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివన్ బయటపెట్టిన పద్ధతి అది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. పిల్లవాడు రోజూ గురక పెడితే "అయ్య పోలిక" అని నవ్వుతాము. నోరు తెరిచి పడుకోవడం, మెడ వెనక్కి వంచి పడుకోవడం, చెమటలు, పెద్దవాడయ్యాక కూడా పక్క తడపడం చూడండి. పెద్దల్లా పగలు కునకరు, బడిలో ఒక్కచోట నిలవరు, చదువు తలకెక్కదు. మనం వాతలు పెడతాము, మాస్టారు బెత్తం తీస్తాడు. చాలామందిలో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ వాచి దారికి అడ్డం పడతాయి. ఆపరేషన్‌తో ఎక్కువమందికి గుణమిస్తుంది. చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.

ఈ.ఎస్.ఐ. కార్డున్నవారు డిస్పెన్సరీ నుంచి పెద్దాసుపత్రికి చీటీ అడిగి తీసుకోండి. కార్డు లేని సాంచా కార్మికులు చాలామందే, వాళ్ళు సివిల్ ఆసుపత్రికి పోవాలి. ఒంటరిగా పోవద్దు, పక్కన పడుకునే మనిషిని వెంట తీసుకుపోండి. రోగికి తెలియనిది వాళ్ళే చెప్పగలరు.

పని పోయిన సోదరుడి పరీక్ష కాగితాలు చేతికొచ్చాయి. గంటకు 41 సార్లు. జబ్బు మనిషిని వైద్యం చేయించకుండా తీసేయడమేమిటని లేబర్ ఆఫీసులో ఫిర్యాదు వేశాము. వాయిదా నాడు ఆ పాళీ వాళ్ళందరూ రావాలి. అతని భార్యకు మేము క్షమాపణ చెప్పుకున్నాము.