బూడిద ఇటుక

మడికొండ మెట్టుగుట్ట పైనుండి చూచినచో నలువైపులా నూతన గృహములే. వాటికి ఇటుక కావలెను, ఇటుకకు మన్ను కావలెను. బట్టీకి పోయిన పొలపు పైమన్ను తిరిగి ఏర్పడుటకు శతాబ్దములు పట్టును.

చెల్పూరు కాకతీయ విద్యుత్కేంద్రమున బొగ్గుబూడిద కుప్పలుగా పేరుకొనుచున్నది. కట్టడములలో బూడిదను వాడవలెనని కేంద్ర ప్రభుత్వము 1999లోనే ఉత్తర్వు చేసి, 2016లో దాని పరిధిని 300 కిలోమీటర్లకు పెంచినది. మడికొండ అందులోనిదే. అయినను “బూడిదతో ఇల్లా?” అని యజమాని జంకును. పూత నిలువదని మేస్త్రీ అనును. సరిగా నీరు పట్టినచో నిలుచును. గుత్తేదారుకు అలవాటైన లెక్క ఎర్ర ఇటుకదే. 1213 నాటి రామప్ప గుడి శిఖరమునకు తేలికైన క్రొత్త ఇటుకను వాడిన శిల్పులు ఇట్లు జంకలేదు. (దానిని చూచుటకు మనము ఏటేటా విహారయాత్రలు పోవుదుము!)

కళాశాల నూతన గదుల టెండరులో బూడిద ఇటుకను చేర్చుమని కమిటీ పెద్దలను మేము కోరుచున్నాము.