బురదగుంటలో చార్మినార్

వాన వెలిసిన అరగంటకి చార్మినార్ దగ్గరికి వెళ్లి చూడండి. కుర్రాళ్లు వరసగా బోర్లా పడుకుని ఉంటారు. ఫోన్ తలకిందులు చేసి, దాని కన్ను నీళ్లకి తగిలేంత కిందకి దించి, గుంటలో కట్టడం నీడని పట్టుకుంటారు. 1591 నాటి నాలుగు మినార్లు చిటికెలో ఎనిమిదవుతాయి. గుంట చాలకపోతే సీసాలో నీళ్లు తెచ్చి పోసుకునే మహానుభావులూ ఉన్నారు. ఆ మధ్య ఒక ఫోటో పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిస్తే, ఇలాంటి చార్మినార్లు ఎన్ని చూశానో లెక్క మరిచాను. ఒక్కదాంట్లోనూ గాజుల బండి లేదు, బండి తోసేవాడు లేడు. పోయే దారి లేక నిలిచిన మురుగది నాయనా! 2020 అక్టోబరులో ఇదే ఊళ్లో ఇళ్లు మునిగింది నీళ్లకి దారి లేకే. ఆ మురుగునే అద్దం చేసుకుని మురిసిపోతున్నారు.

ఇక వంకర కోణం. రాయదుర్గం వైపు ఏ అద్దాల మేడని తీసినా అది తాగి తూలుతున్నట్టే ఉండాలి. ఎందుకయ్యా అంటే ‘డైనమిక్‌గా ఉంటుంది సార్’ అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చూడలేనివాడు కెమెరాని వంచుతాడు.

ఈ కోణం కోసం తిట్లు తిన్నవాడు రష్యన్ ఫోటోగ్రాఫర్ అలెగ్జాండర్ రోడ్చెంకో. 1925లో మాస్కో మ్యాస్నిత్స్కయా వీధిలో తానుండే భవనాన్నే అడుగు నుంచి తలెత్తి తీశాడు. బాల్కనీలు నిచ్చెన మెట్లలా ఆకాశంలోకి ఎక్కిపోతాయి. కెమెరాని పొట్ట దగ్గర పట్టుకుని అందరూ బొడ్డు ఎత్తు నుంచే లోకాన్ని చూస్తున్నారని 1928లో విరుచుకుపడ్డాడు. రూపమే తప్ప విషయం పట్టని ఫార్మలిస్టు అన్న ముద్ర వేయించుకున్నాడు. ఆ వంకర వెనక ఒక తగాదా ఉంది. మీ వంకర వెనక ఏముంది?

అలాగని ఆయన్ని నెత్తికెత్తుకోను. 1933లో ఆ మనిషే తెల్ల సముద్రం కాలువకి వెళ్లి, ఖైదీల చేత చేయించిన చాకిరీని వీరగాథలా తీశాడు. వేలమంది చచ్చిన కాలువ అది. పత్రికలో అచ్చయిన ఆ పేజీల్లో లయ కనపడుతుంది, చావు కనపడదు. నాకు ఈ కోణమంటే భయం అందుకే. దేన్నయినా అందంగా చేసి పారేస్తుంది.

‘ది థర్డ్ మ్యాన్’ సినిమాలో కెరోల్ రీడ్ వియన్నా వీధుల్ని పదే పదే వంచి చూపిస్తే, తోటి దర్శకుడు విలియం వైలర్ ఆయనకి రసమట్టం పంపాడట. యుద్ధంలో విరిగి, నాలుగు దేశాల సేనలు పంచుకున్న ఊరికి ఆ వంకర తగిందేననుకోండి. మన ఫోటో క్లబ్బుల్లో మాత్రం ఓ తాపీ మేస్త్రీని పిలిచి తలా ఒక రసమట్టం పంచిపెట్టించాలి. నిటారుగా తీయడం చేతకాని పని అనుకుంటే ఆరో నిజాం కొలువులోని రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తిరగేయండి. ఆ కాలపు పెట్టె కెమెరాలో గాజు పలకని నిలువుగా ఉంచి, లెన్సుని మాత్రమే పైకి జరిపితే గోడలు వాలకుండా శిఖరం అందేది. దానికి ఓపిక కావాలి.

అద్దంతో నాకు పేచీ లేదు. దాని ముందు నిలబడి దాని మెరుపునే చూసేవాడితో పేచీ. ఎదుటి వస్తువు అద్దానికి ఎంత దూరమో, దాని బింబమూ అద్దం వెనక అంతే దూరం. ఫోకస్ గాజు మీద పెడితే దుమ్ము దక్కుతుంది. దాటించి పెడితే ఎదురుగా ఉన్న కూలీల రేకుల షెడ్లు, సగం పేల్చిన గుట్ట దక్కుతాయి. గోడకి ఏటవాలుగా నిలబడి పోలరైజర్ తిప్పితే మెరుపు తొలగి లోపలి మనిషి బయటపడతాడు. 1925లో పారిస్ గోబ్లాఁ వీధిలో ఫోటోగ్రాఫర్ యూజీన్ అజే బట్టల దుకాణం అద్దాన్ని తీస్తే, లోపలి బొమ్మల మీద బయటి మేడా చెట్లూ వచ్చి వాలాయి. ఏదీ వంచలేదాయన.

అద్దం అమాయకమైనదీ కాదు. 2013లో లండన్ ఫెన్‌చర్చ్ వీధిలో కడుతున్న మేడ, తన వంపులోకి ఎండని కూడగట్టి, కింద ఆపిన జాగ్వార్ కారు భాగాల్ని కరిగించింది. వేసవి మధ్యాహ్నం మాదాపూర్‌లో అద్దాల మేడ ఎదుట బస్సు కోసం నిలబడ్డవాడిని అడగండి, మీ ‘రిఫ్లెక్షన్’ ఎంత చల్లగా ఉందో.

నేను న్యాయనిర్ణేతగా వెళ్లిన ఆ పోటీకి అలా చూసిన ఫోటో ఒక్కటే వచ్చింది. నిటారు గోడ, అద్దాలు తుడిచే మనిషి తాడు మీద వేలాడుతున్నాడు, అతని వీపు పక్కన అద్దంలో అటువైపు గుట్ట, గుట్టకి బుల్డోజర్. నేను పదికి తొమ్మిది వేశాను. తోటి న్యాయనిర్ణేతలు ఇద్దరూ పెదవి విరిచి ‘కిక్ లేదండీ’ అన్నారు. మొదటి బహుమతి బురదగుంటకే వెళ్లింది.